మా ఊరి చెరువులో కంటికి ఆనని జీవాలు: ఏడాది డైరీ

జూన్ 19

వల తయారైంది. దోమతెర గుడ్డ ఈ పనికి రాదు, దాని రంధ్రాలు చాలా పెద్దవి. 60 మైక్రాన్ల బోల్టింగ్ గుడ్డ కావాలి. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో 60 భాగాలంత రంధ్రం అన్నమాట. హైదరాబాద్ నుంచి తెప్పించాను. గరాటులా కుట్టింది మా అమ్మ. సూది పడ్డ చోట పడే రంధ్రమే గుడ్డ రంధ్రం కన్నా పెద్దదని చెబితే, కుట్టును లోపలికి రెండు మడతలు వేసి మళ్లీ కుట్టింది. పైన ఇనుప రింగు, కింద మూతి దగ్గర దారంతో బిగించిన చిన్న ప్లాస్టిక్ సీసా. ఇంతే సరంజామా.

మా ఊరి చెరువులో ఏ నెలలో ఏ జంతు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలుతూ బతికే చిన్న చిన్న జీవాలు, ఉంటాయో, లీటరుకు ఎన్ని ఉంటాయో ఏడాది పాటు చూడాలి. ఎమ్మెస్సీలో చదివినప్పుడు ఉదాహరణలన్నీ సముద్రానివే, ఉప్పుటేర్లవే. ఆటుపోట్లతో నీరు కదిలే చోట రుతువును బట్టి ఈ జీవాలు ఎలా మారతాయో పరీక్షల కోసం కంఠతా పట్టాం. మా నల్గొండ చెరువుల్లో ఎలా ఉంటుందో మాత్రం మాకెవరూ చూపించలేదు. అందుకే ఈ పని పెట్టుకున్నాను.

రెండు చోట్ల నీళ్లు తీస్తాను. ఒకటి మా చెరువు. వాన పడితేనే నిండుతుంది, ఎండాకాలం ఎండిపోతుంది. రెండోది పానగల్లు ఉదయసముద్రం. కందూరు చోళుల కాలం నాటి చెరువు, ఇప్పుడు రిజర్వాయరు. నాగార్జునసాగర్ వెనుక నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో పారి అక్కడికి వస్తాయి. ఒకటి ఎండేది, ఒకటి ఎండనిది.

జూలై 12

మొన్నటి వానలకు చెరువులోకి నీళ్లొచ్చాయి. తూము దగ్గర నడుము లోతు. నీళ్లు వచ్చి సరిగ్గా 8 రోజులు.

నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. సెక్కీ పలక దించాను. 20 సెంటీమీటర్ల గుండ్రటి పలక, నాలుగు భాగాలుగా నలుపు తెలుపు రంగులు వేసి ఉంటుంది. కంటికి కనపడకుండా పోయే లోతును కొలుస్తారు. 11 సెంటీమీటర్లకే మాయమైంది.

బకెట్‌తో 50 లీటర్లు వలలో పోశాను. ఇంత బురద నీళ్లలో ఏం దొరుకుతుందిలే అనుకుంటూనే మైక్రోస్కోపు కింద పెట్టాను. మోయినా అనే చిన్న చిప్ప జీవి! ఒకటి కాదు, చుక్క చుక్కకూ ఉంది. గుండ్రటి పొట్ట, నల్లటి ఒంటి కన్ను, వీపు సంచిలో గుడ్లు. మధ్యలో కోపీపాడ్ల (రొయ్యల చుట్టాలైన చిన్న జీవాలు) పిల్లలు, అంటే నాప్లియస్‌లు, మూడు జతల కాళ్లతో ఎగిరెగిరి పడుతున్నాయి.

నెల కింద ఇక్కడ పగుళ్లు బారిన నేల ఉంది. గొర్రెలు తిరిగాయి. 8 రోజుల్లో ఇన్ని ఎక్కడి నుంచి వచ్చాయి? ఎగువన ఉన్న కుంట కూడా ఎండే ఉంది కదా. కాలువ నీళ్లు మా చెరువుకు రావు. ఈ ప్రశ్నను డైరీ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

ఆగస్టు 10

లెక్క కుదిరింది. 50 లీటర్ల చెరువు నీళ్లను వలలో వడగడితే సీసాలో 50 మిల్లీలీటర్లు మిగిలేలా చూసుకుంటాను. అందులోంచి 1 మిల్లీలీటరు సెడ్జ్‌విక్ రాఫ్టర్ అనే లెక్క పలకలో పోయాలి. ఆ పలకలో 50 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 1 లోతు గుంట ఉంటుంది. సరిగ్గా 1 మిల్లీలీటరు పడుతుంది. 50కి 50 కొట్టేసుకుపోతుంది కాబట్టి పలకలో ఎన్ని కనిపిస్తే చెరువులో లీటరుకు అన్ని. మూడుసార్లు లెక్కపెట్టి సగటు తీస్తాను. నమూనా కుళ్లకుండా అందులో పదో వంతు ఫార్మలిన్ కలుపుతాను.

ఈ నెల రెండు చోట్లా తక్కువే. వాన నీళ్లు వచ్చి పడుతుంటే ఉన్నవి పలచబడతాయి. పైగా బురద వల్ల వెలుతురు లోపలికి దిగదు. వెలుతురు లేకపోతే నాచు పెరగదు, నాచు లేకపోతే వీటికి తిండి లేదు.

సెప్టెంబర్ 16

అలుగు పోసింది. ఊరంతా కట్ట మీదే. ఈ నెల నమూనా అలుగుకు దూరంగా, కట్ట మైసమ్మ గుడి వైపు తీశాను.

నిన్న మత్స్యకారుల సంఘం వాళ్లు చేప పిల్లలు వదిలారు. బొచ్చె, రోహు, బంగారుతీగ. సంఘంలో ఉన్న అన్నను అడిగితే ఒక మాట చెప్పాడు. "బొచ్చె పైపైన తిరుగుద్ది. నువ్వు వలల పడుతున్నయే దాని బువ్వ." నిజమే. బొచ్చె ప్రధానంగా జంతు ప్లవకాలనే తింటుంది. చేప దిగాక ఏం మారుతుందో ఇక జాగ్రత్తగా చూడాలి.

అక్టోబర్ 12

సద్దుల బతుకమ్మ అయిపోయి కొన్ని రోజులైంది. ఒడ్డున తంగేడు, గునుగు పూలు ఇంకా తేలుతున్నాయి. వాటి కింద నీళ్లు విడిగా తీసి చూశాను. కుళ్లుతున్న పూల చుట్టూ బాక్టీరియా, వాటిని మేసే రోటిఫర్లు అనే అతి చిన్న జీవాలు. పూలు లేని చోట తీసిన నీళ్లలో కన్నా ఇక్కడ ఎక్కువ. ఒక్కసారి చూసినదాన్ని నియమం అనలేను కానీ చూసి సంబరపడ్డాను.

నవంబర్ 9

ఈ రోజు చాలా బాధ కలిగింది. జూలై నుంచి దాచిన సీసాలన్నీ బయటికి తీసి మోయినా లాంటిదే అయిన డాఫ్నియా జాతి వాటిని మళ్లీ సరిచూద్దామని కూర్చున్నాను. చాలావాటి చిప్పలు బెలూన్‌లా ఉబ్బిపోయాయి. సంచిలో గుడ్లు బయటికి జారి అడుగున పడి ఉన్నాయి. ఒక్కో ఆడజీవి ఎన్ని గుడ్లు మోస్తోందో లెక్క రాద్దామనుకున్నాను. నాలుగు నెలల గుడ్ల లెక్క పోయినట్టే.

తప్పు నాదే. ఫార్మలిన్ నేరుగా పోస్తే వీటి ఒళ్లు ఇలా ఉబ్బుతుంది. ఫార్మలిన్‌లో చక్కెర కలిపితే ఉబ్బదట. లీటరుకు 40 గ్రాములు. ఈ పద్ధతి 1973 నుంచే ఉంది. నేను తెలుసుకోలేదు. ఇవాళ్టి నుంచి చక్కెర ఫార్మలిన్ మాత్రమే. పాత నెలల పట్టికలో గుడ్ల గడి ఖాళీగా వదిలేశాను, అంచనాతో నింపలేదు.

నవంబర్ 10

నిన్న నమూనా మధ్యాహ్నం 2 గంటలకు తీశాను, ఇవాళ పొద్దున 6 గంటలకు. అదే చోటు, అదే వల, అవే 50 లీటర్లు. పెద్ద క్లాడోసెరాలు (డాఫ్నియా, మోయినా లాంటి చిప్ప జీవాల గుంపు) నిన్న వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, ఇవాళ పలక నిండా. పగలు వెలుతురుకు, చేపలకు దొరక్కుండా అడుగుకు దిగుతాయి, రాత్రి పైకి వచ్చి మేస్తాయి. సముద్రంలో వందల మీటర్లు దిగి ఎక్కుతాయని చదివాను. మా చెరువులో నిలువు లోతే 8 అడుగులు. అంతలోనే ఇంత తేడా.

ఇకపై ప్రతి నెలా పొద్దున 6 గంటలకే. అంతకుముందు తీసినవన్నీ 9కి, 10కి తీసినవి. వాటి పక్కన సమయం రాసి పెట్టాను, చదివేవారికి తెలియాలి కదా.

డిసెంబర్ 14

చలి. నీళ్ల వేడి 20 డిగ్రీలు. బురద పూర్తిగా అడుగుకు దిగింది, సెక్కీ పలక 70 సెంటీమీటర్ల దాకా కనపడింది. క్లాడోసెరాలకు ఇది పండగ కాలం. సెరియోడాఫ్నియా, డయాఫనోసోమా బాగా ఉన్నాయి. పెద్ద డాఫ్నియా మాత్రం మా చెరువులో తగ్గింది, ఉదయసముద్రంలో ఉంది. చేపలు పెద్దవాటినే ఏరుకుని తింటే చిన్నవాటికి చోటు దొరుకుతుందని 1965లో బ్రూక్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికాలోని కనెక్టికట్ సరస్సుల మీద పని చేసి చూపించారు. మా సంఘం వదిలిన బొచ్చెలు చేసిందీ అదేనా? ఒక్క ఏడాది చూసి తేల్చి చెప్పలేను. అనుమానం మాత్రం గట్టిగా ఉంది.

జనవరి 18

ఎమ్మెస్సీ స్నేహితురాలు నిజాంపట్నం వైపు ఒక ఉప్పుటేరులో ఇదే పని చేస్తోంది. ఒక రోజు తన వెంట పడవలో వెళ్లాను. పుస్తకంలో చదివింది చేత్తో పట్టుకున్న రోజు ఇది.

పోటు మీద ఒకసారి, ఆటు మీద ఒకసారి అదే చోట వల దించాం. రెండు సీసాలు రెండు ఊళ్ల నుంచి తెచ్చినట్టు ఉన్నాయి. పోటు సీసాలో సముద్రపు కోపీపాడ్లు, బాణంలా సన్నగా గాజులా ఉండే సజిట్టా. ఆటు సీసాలో ఏటి సొంత జీవాలు, బురద, ఆకు ముక్కలు, పీతల పిల్లలు. పీతల పిల్లను జోయియా అంటారు. దాని వీపు మీద ముల్లు చూస్తే అది పీత అవుతుందని ఎవరూ అనుకోరు. తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. కాబట్టి అక్కడ నమూనా తీసేవాళ్లు మొదట రాసేది తేదీ కాదు, పోటు సమయం.

రుతువు మాట కూడా తను చెప్పింది. వానాకాలంలో నది వరద దిగితే ఏటి నీళ్ల ఉప్పదనం పడిపోతుంది. సముద్రపు జాతులు వెనక్కి పోతాయి, చప్ప నీటిని, సగం ఉప్పును తట్టుకునేవి మిగులుతాయి. వరద తగ్గి ఉప్పదనం నిలకడపడ్డాక, ఎండాకాలం మొదట్లో, జాతుల సంఖ్య మళ్లీ పెరుగుతుంది. ఎప్పుడు చూసినా ఎక్కువ వంతు కోపీపాడ్లదే. అకార్షియా, ఓయితోనా, పారాకలానస్. మా చెరువులో నడిపించేది ఉప్పు కాదు, నీళ్ల మట్టం. వాన, తూము, ఎండ, ఇవే మాకు ఆటుపోట్లు.

దారి పొడవునా ఒకటే ఆలోచన. మా ఉదయసముద్రానికి మళ్లిన నీళ్లు కృష్ణవే, మళ్లకుండా హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేవీ కృష్ణవే.

తిరిగి వచ్చేటప్పుడు తను ఇంకో మాట అంది. అకార్షియాలో కొన్ని జాతులు గిట్టని కాలం వచ్చే ముందు అడుగు బురదలో నిద్ర గుడ్లు పెడతాయట. కాలం మారాక అవి పొదుగుతాయి. జూలైలో రాసుకున్న నా ప్రశ్న గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 15

రెండు గంటలు ఒక్క చుక్క దగ్గరే ఉండిపోయాను. బ్రాకియోనస్ అనే రోటిఫర్ చిన్న కలశంలా ఉంటుంది. పైన రెండు వైపులా రోమాలు చక్రాల్లా తిరుగుతూ తిండిని లోపలికి లాగుతాయి. డిసెంబర్‌లో చూసిన వాటికి వెనుక ముళ్లు పొట్టిగా ఉన్నాయి, కొన్నింటికి లేనే లేవు. ఇప్పుడు కలశం అడుగున రెండు వైపులా పొడుగాటి ముళ్లు.

పక్కకు జరిపితే ఆస్ప్లాంక్నా కనిపించింది. గాజు సంచిలా ఉంటుంది, లోపల ఏం తిన్నదో బయటికే తెలుస్తుంది. ఇది కూడా రోటిఫరే, కానీ బ్రాకియోనస్‌ను మింగుతుంది. ఆస్ప్లాంక్నా నుంచి నీళ్లలోకి చేరే రసాయనం సోకితే బ్రాకియోనస్ తల్లి ముళ్లున్న పిల్లల్ని కంటుంది. తల్లికి ముళ్లు మొలవవు, బిడ్డలకే మొలుస్తాయి. చదివి తెలుసు. మా ఊరి నీళ్లలో చూడటం వేరు.

మార్చి 15

పొలాలకు తూము వదిలారు. నీళ్లు సగానికి తగ్గాయి. ఆకుపచ్చ తెట్టు మొదలైంది.

ఏప్రిల్ 12

నీళ్ల వేడి 32 డిగ్రీలు. తూము దగ్గర మాత్రమే మోకాలి లోతు నీళ్లు. ఏడాదిలో అన్నింటికన్నా ఎక్కువ లెక్క ఈ నెలదే, అందులో ముప్పాతిక రోటిఫర్లే. బ్రాకియోనస్, కెరటెల్లా, ఫిలినియా. నీళ్లు చిక్కబడ్డాయి, బర్రెలు అందులోనే పడుకుంటున్నాయి. మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు ముద్దలు క్లాడోసెరాల కాళ్ల జల్లెడకు అడ్డం పడతాయి. రోటిఫర్లు చిన్న నోటితో బాక్టీరియాను, మురుగు రేణువులను ఏరుకుంటాయి. ఈ వేడికి ఒకటి రెండు రోజుల్లోనే పిల్ల తల్లవుతుంది. వాటిదే రాజ్యం.

సాయంత్రం పక్కింటి అవ్వ వచ్చింది. మైక్రోస్కోపులో సైక్లాప్స్ అనే కోపీపాడ్ ఉంది, చూడమని కూర్చోబెట్టాను. బేరిపండు ఆకారం, ఒంటి కన్ను, తోక దగ్గర రెండు వైపులా గుడ్ల సంచులు. చూసి తల ఎత్తింది.

"ఇదేనా బిడ్డా నారికురుపు పురుగు?"

కాదవ్వా, ఇది దాన్ని మోసేది అన్నాను. నారికురుపు పురుగు పిల్లలను సైక్లాప్స్ మింగుతుంది, ఆ సైక్లాప్స్ ఉన్న నీళ్లు మనిషి తాగుతాడు, దాదాపు ఏడాదికి కాలి నుంచి పురుగు బయటికి వస్తుంది. అవ్వ చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి చీలమండ పైన మచ్చ చూపించింది.

"దిగుడు బాయి నీళ్లు. నాట్ల కాలం. పుల్లకు చుట్టి రోజుకింత గుంజిండ్రు. తెగితే కాలు పోతదని మా అత్త నన్ను కదలనియ్యలే."

ఆ పురుగు మీటరు దాకా ఉంటుంది. మందు లేదు. దిగుడు బావులను మార్చి, బోర్లు వేసి, తాగే నీళ్లను గుడ్డతో వడగట్టమని ఇంటింటికీ చెప్పి పోగొట్టారు. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌లో నారికురుపు లేదని ప్రకటించింది. నా దగ్గరున్న వల, ఆ రోజు అవ్వ కుండ మూతికి కట్టిన గుడ్డ, రెండూ పట్టింది ఈ జీవాన్నే. అవ్వ ఇంకోసారి కన్ను పెట్టి చాలాసేపు చూసింది. "ఇంత చిన్నదా" అంది.

మే 4

చెరువు ఎండింది. ఇవాళ 44 డిగ్రీలు. చివరి నీళ్లు ఎండిన అంచున, బురద మీద మిరియప్పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. గోటితో తీసి చూస్తే గుర్రపు జీనులు. నిజంగా జీనులే. డాఫ్నియా, సెరియోడాఫ్నియా, మోయినాలు కాలం బాగున్నన్ని రోజులూ ఆడవే ఆడవాటిని కంటాయి. నీళ్లు తగ్గి, గుంపు పెరిగి తిండి చాలకపోతే మగవి పుడతాయి. అప్పుడు జత కట్టి పెట్టే గుడ్లను తల్లి తన వీపు చిప్పనే గట్టిపరిచి మూటకట్టి వదులుతుంది. ఆ మూట పేరు ఎఫిపియం. జీను అనే అర్థం. డాఫ్నియా జీనులో రెండు గుడ్లు ఉంటాయి.

చెరువు నేలలో 5 చోట్ల పైపొర 3 సెంటీమీటర్ల మట్టి తీసుకున్నాను. నీడలో మూడు వారాలు ఆరబెడతాను. రైతులు ట్రాక్టర్లతో పూడిక మట్టి పొలాలకు తోలుకుంటున్నారు. పొలానికి బలం, చెరువుకు లోతు. మంచిదే. కానీ ఈ గుడ్లు ఉండేది పైపొరలోనే. ఒక మూల కొంచెం నేల కదపకుండా వదిలితే బాగుండునని సర్పంచ్‌తో అన్నాను. తుమ్మచెట్ల వైపు వదిలేద్దాం అన్నారు.

మే 27

రెండు తెల్ల టబ్బులు పెట్టాను. రెండింటిలో కాచి, వడగట్టి, క్లోరిన్ పోవడానికి రెండు రోజులు ఆరుబయట ఉంచిన నల్లా నీళ్లు. ఒకదాంట్లో 200 గ్రాముల ఎండు మట్టి వేశాను. రెండోదాంట్లో ఏమీ వేయలేదు. గాలిలోంచో నీళ్లలోంచో వచ్చాయేమో అన్న అనుమానం ఉండకూడదు కదా. రెండింటిపైనా అదే బోల్టింగ్ గుడ్డ కట్టాను.

మే 28

మట్టి టబ్బులో ఏదో కదిలింది. చుక్క తీసి చూస్తే సైక్లాప్స్! నాప్లియస్ కాదు, సగం పెరిగినది. గుడ్డు నుంచి ఒక్క రోజులో ఇంత పెరగడం కుదరదు. అంటే ఇది గుడ్డుగా నిద్రపోలేదు, సగం వయసులో మట్టిలోకి దూరి అలాగే ఉండిపోయింది. తడి తగలగానే లేచింది. కొన్ని సైక్లాప్స్ ఇలా చేస్తాయని తెలుసు కానీ చెయ్యి వణికింది.

మే 30

మూడో రోజు రోటిఫర్లు, మోయినా పిల్లలు. మట్టి లేని టబ్బులో ఏమీ లేదు. అమ్మను పిలిచి చూపించాను. "పోయినేడు వానకు పుట్టినయి ఇప్పటి దాకా ఇందుల్నే ఉన్నయా?" అని టబ్బు మీద గుడ్డ మళ్లీ తనే బిగించి కట్టింది.

జూన్ 4

మోయినాల వీపు సంచుల్లో గుడ్లు. పుట్టి వారం కూడా కాలేదు.

జూన్ 26

ఆరుద్ర వాన రాత్రంతా పడింది. మూడు రోజులుగా చెరువులోకి నీళ్లు దిగుతున్నాయి. పొద్దున 6 గంటలకు వెళ్లాను. ఎర్ర నీళ్లు, సెక్కీ పలక 9 సెంటీమీటర్లు. రెండు చోట్ల తీశాను. తుమ్మచెట్ల వైపు పూడిక తీయని మూల ఒకటి, ట్రాక్టర్లు తవ్విన చోటు ఒకటి.

తుమ్మచెట్ల సీసాలో సగం పెరిగిన సైక్లాప్స్, చిన్న మోయినాలు, ఒకటి రెండు రోటిఫర్లు. టబ్బులో వచ్చిన వరుసే. తవ్విన చోట సీసాలో మూడు పలకలు చూస్తే రెండే సైక్లాప్స్. నీళ్లు ఇంకా కలవలేదు, మరో వారంలో ఈ తేడా ఉండకపోవచ్చు. అందుకే వచ్చే ఆదివారం మళ్లీ రెండు చోట్లా తీస్తాను. సీసాల మీద తేదీ, సమయం, చోటు రాసి, చక్కెర ఫార్మలిన్ పోసి అలమరలో పెట్టాను.